కపువాస్ ఎరుపు

తెల్లవారుజాము ఐదున్నర. పోంతియానాక్‌లోని గాజామాడా వీధిలో కాఫీ కొట్లవాళ్లు అప్పుడే బల్లలు బయటికి వేస్తున్నారు. మీరెక్కిన చిన్న ట్రక్కు కపువాస్ వంతెన మీదికి వచ్చింది. కింద నది వెడల్పుగా, మట్టిరంగులో, పడమటికి కదులుతోంది. ఇండోనేషియాలోకెల్లా పొడవైన నది ఇదే, 1,143 కిలోమీటర్లు. బోర్నియో దీవి నడిమి కొండల్లో పుట్టి, అడవులూ బురదనేలలూ దాటుకుని ఇక్కడికి చేరుతుంది. ఊరు సరిగ్గా భూమధ్యరేఖ మీద ఉంది. ఏడాది పొడుగునా పొద్దు దాదాపు ఒకే వేళకు పొడుస్తుంది, పొడవగానే చురుక్కుమంటుంది. అందుకే చేపల పని ఎండ ముదరకముందే అయిపోవాలి.

ఊరు దాటిన అరగంటకు ట్రక్కు ఒక ఇనుప గేటు ముందు ఆగుతుంది. లోపల కుక్కలు మొరుగుతున్నాయి. గోడ మనిషి ఎత్తు దాటింది, దాని మీద ముళ్లతీగ, మూలమూలకూ కెమెరా. గేటు తీసిన కుర్రాడు మిమ్మల్ని ఊదారంగు మందునీళ్లున్న తొట్టిలో కాళ్లు ముంచి రమ్మంటాడు. బయటి రోగం లోపలికి రాకూడదు. ముంచి అడుగేస్తే ఎదురుగా వరసగా మడుగులు. బురదనేల తవ్వి చేసినవి. నీళ్లు నల్లగా, నిలకడగా ఉన్నాయి. ఆకులూ వేళ్లూ కుళ్లి దిగిన రంగు అది, మురికి కాదు. గట్ల మీద చెట్లు వంగి నీడ పట్టాయి. ఒక కొమ్మ మీంచి ఏదో పురుగు జారి నీటిమీద పడింది. పడిన చోట నీళ్లు ఒక్కసారి పగిలి మూసుకున్నాయి. మీకు కనిపించింది ఒక ఎర్రటి గీత మాత్రమే.

అదే సూపర్ రెడ్ అరోవానా. కపువాస్ ఎగువన, సెంతారుమ్ సరస్సుల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పుట్టని ఎరుపు.

నలుగురు మనుషులు మొలలోతు నీళ్లలోకి దిగారు. వల మడుగు ఈ చివర నుంచి ఆ చివరకు సాగింది. అడుగుతాడు బురదకు తగిలేలా లాగుతున్నారు, పైతాడును చేతులతో నీటికి జానెడు ఎత్తున పట్టుకున్నారు. ఎందుకో కాసేపటికి తెలుస్తుంది. వల సగం దూరం వచ్చేసరికి మొదటి చేప ఎగిరింది. రెండడుగుల చేప, నిలువునా గాల్లోకి లేచి, వంగి, వల అవతల పడింది. రెండోది ఒక మనిషి భుజానికి తగిలింది. ఈ జాతికి ఎగరడం పుట్టుకతో వచ్చిన విద్య. అడవిలో నీటిమీదికి వంగిన కొమ్మల మీది పురుగుల్నీ చిన్న కప్పల్నీ ఎగిరి అందుకుంటుంది. ఇళ్లలో పెంచేవాళ్లు అక్వేరియం మూత మీద బరువు పెట్టేది కూడా ఇందుకే. పెట్టనివాళ్లు తెల్లారి లేచేసరికి లక్షల ఖరీదు చేసే చేప గచ్చు మీద ఎండి ఉంటుంది.

వల దగ్గరికి వచ్చింది. ఇప్పుడు కేకలు లేవు. పెద్దాయన ఒకడు వంగి నీళ్లలోకి చూస్తున్నాడు. ఆయన వెతికేది ఉబ్బిన దవడ కోసం. మగచేప నోట్లో పిల్లలుంటే కిందిదవడ సంచిలా దిగి ఉంటుంది. ఒకటి దొరికింది. మిగిలినవాటిని వల వంచి వదిలేశారు. దొరికినదాన్ని తడిగుడ్డలో చుట్టి, రెండు చేతులా ఎత్తి, గట్టు దగ్గర నీళ్లున్న ప్లాస్టిక్ తొట్టి దాకా తెచ్చారు.

ఇప్పుడు దాన్ని దగ్గరగా చూడండి. బొటనవేలి వెడల్పు మించిన పొలుసులు, పక్కన అయిదు వరసలు. ఒక్కో పొలుసు నడిమధ్య బంగారు ఛాయ, అంచున ఎరుపు. మొప్పల మూతలు మొత్తం ఎరుపే. నోరు పైకి తిరిగి ఉంది, గడ్డం కింద రెండు మీసాలు. చైనావాళ్లు ఈ మీసాలూ పొలుసులూ చూసే దీన్ని డ్రాగన్ చేప అన్నారు, ఇంట్లో ఉంటే కలిసివస్తుందని నమ్మారు. యజమానికి రావలసిన కీడును తన మీదికి తీసుకుని చనిపోతుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. పెద్దాయన బొటనవేలు నోటి అంచున పెట్టి కిందిదవడను కాస్త కిందికి వంచాడు. "మెల్లగా, మెల్లగా" అని పక్కవాళ్లకు చెబుతున్నాడో, చేపకు చెబుతున్నాడో తెలియదు. తల కిందికి వంచి తొట్టిలో ముంచి లేపాడు. ఒక పిల్ల జారింది. ఇంకోటి. తర్వాత గుంపుగా. ఒక్కొక్క పిల్లకూ పొట్ట కింద పండిన రేగుపండంత పచ్చసొన సంచి వేలాడుతోంది. దాని బరువుకు ఈదలేక అడుగున పడి తోకలు కొట్టుకుంటున్నాయి. పెద్దాయన దవడ లోపల వేలు తిప్పి చూశాడు, ఒక్కటి కూడా మిగలకుండా. లెక్కపెట్టారు. నలభైకి అటూ ఇటూ.

చేప తిరిగి నీళ్లలోకి వెళ్లిపోయింది. అది గట్టు పక్కన కాసేపు నిలబడి, మొప్పలు ఆడించి, లోతుకు దిగింది. ఈ దృశ్యం ఎంత జాగ్రత్తగా జరిగినా నాకు మనసులో కలుక్కుమంటుంది. ఈ జాతిలో పిల్లల్ని సాకేది తండ్రి. తల్లి గుడ్లు పెట్టి తప్పుకుంటుంది, మగచేప ఆ గుడ్లన్నీ నోట్లోకి తీసుకుని నెలన్నర నుంచి రెండు నెలల దాకా మేత ముట్టకుండా మోస్తుంది. పిల్లలు బయటికి వచ్చి నాలుగు పురుగులు పట్టుకోగలిగే దాకా వాటికి ఇల్లు ఆ నోరే. ఫారంవాళ్లు ముందుగానే తీసేస్తే పిల్లలు తక్కువ చస్తాయి, తండ్రి తొందరగా మళ్లీ జతకట్టడానికి సిద్ధమవుతుంది. లెక్క సరైనదే.

ధర కథ మొదలయ్యేది ఈ తొట్టిలోనే. కైకలూరు దగ్గర ఏ హేచరీకి వెళ్లినా ఒక్క శీలావతి తల్లి లక్షల గుడ్లు పెడుతుంది. అందుకే శీలావతి పిల్లను గుంపుగా కొంటారు, ఒక్కోదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఇక్కడ ఒక కాన్పుకు ఒక తండ్రి నోరు పట్టినన్నే. ముప్పై, నలభై, మహా అయితే ఇంకొన్ని. ఆ తండ్రి పిల్లల్ని మోసే వయసుకు రావడానికే మూడు నాలుగేళ్లు. ఏ మగచేప ఏ ఆడచేపను ఇష్టపడుతుందో మనుషుల చేతిలో లేదు, మడుగులో గుంపును వదిలి అవే జతకట్టేదాకా ఎదురుచూడాలి. ఇంజెక్షన్ ఇచ్చి ఒక్క రాత్రిలో గుడ్లు దింపించే మన కార్పు చేపల పద్ధతి ఇక్కడ నడవదు.

మడుగుల వెనక హేచరీ గది. లోపలికి అడుగుపెట్టగానే వేడి, తేమ. గాజుతొట్లు గోడ పొడుగునా అంతస్తులుగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక మగచేప పిల్లలే ఉంటాయి, కలపరు. తొట్టి మీద ఏ మడుగో, ఏ రోజు తీశారో రాసిన చీటీ. పొద్దున మీరు చూసిన నలభై ఇప్పుడు కొత్త తొట్టిలో ఉన్నాయి, గాలిబుడగలు వాటిని నెమ్మదిగా పొర్లిస్తున్నాయి. తండ్రి నోట్లో ఉంటే ఆయన దవడ ఆడించి ఇలాగే పొర్లించేవాడు. పక్క తొట్లో వీటికంటే ముందు తీసినవి. సొన కరిగిపోయింది, చూపుడువేలంత పొడుగున్నాయి, చిన్న చిన్న పురుగుల్ని వెంటాడుతున్నాయి.

వాటి రంగు చూడండి. వెండిరంగు. రెక్కల చివర్లలో, పెదవి అంచున కాస్త నారింజ ఛాయ ఉందా లేదా అన్నట్టు ఉంది. ఎరుపు ఎక్కడ?

ఎరుపు లేదు. రావడానికి ఏళ్లు పడుతుంది. కొన్నిటికి రెండు మూడేళ్లలో పెదవులూ రెక్కలూ మొప్పలూ ఎర్రబడి, ఆ తర్వాత పొలుసుల అంచులకు పాకుతుంది. కొన్నిటికి ఆరేడేళ్లు పట్టవచ్చు. కొన్నిటికి నారింజ దగ్గరే ఆగిపోతుంది. కొనేవాడు ఈ వెండిపిల్లను చూసి, లోపల ఉందని నమ్మి డబ్బు ఇస్తాడు. మోసానికి తలుపు తెరిచి ఉన్న చోటు కూడా ఇదే. బంజార్ రెడ్ అని ఇంకో రకం ఉంది, దాని పిల్ల కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. పెద్దదయ్యాక రెక్కలు పసుపు, నారింజల దగ్గర నిలిచిపోతాయి. ఆ రెంటినీ జతకట్టించిన మధ్యరకం కూడా బజారులో తిరుగుతుంది. పిల్లగా ఉన్నప్పుడు విడదీసి చెప్పగలిగేది ముప్పై ఏళ్లు ఈ తొట్ల మధ్యే తిరిగిన కళ్లు. ఆ కళ్లున్నాయని చెప్పుకునేవాళ్లందరికీ అవి ఉండవు. అందుకే తెలిసినవాళ్లు చేపకంటే ముందు ఫారాన్ని కొంటారు.

పెద్దచేపల హాలులోకి వెళ్తే అక్కడ దీపాలు ఆర్పేసి ఉన్నాయి. పనివాడు ఒక్కో తొట్టి దగ్గర ఒక్కో దీపం వేస్తూ ముందుకు నడుస్తాడు. ఆరడుగుల తొట్టి, ఒక్క తొట్టికి ఒక్క చేప. మొదటిదాన్ని మిరపపండు ఎరుపు అంటారు. కన్ను పెద్దది, ఎర్రటి వలయంతో. నుదురు లోతుగా వంగి తల మొనదేరి ఉంది, తోక పొడుగ్గా వజ్రం ఆకారంలో. తర్వాతది రక్తపు ఎరుపు. తోక విసనకర్రలా విచ్చుకుంది, ఒళ్లు సన్నం. చేప తిరిగినప్పుడల్లా పొలుసు మీది బంగారం ఒకసారి, అంచు ఎరుపు ఒకసారి వెలుగుతాయి. మీరు నిలబడిపోతారు. ఎవరైనా నిలబడిపోతారు. ఇది ఎవరో కట్టుకథ అల్లి పెంచిన అందం అని అనుకుని వచ్చినవాళ్లు కూడా ఈ తొట్టి ముందు కొంతసేపు మాట్లాడరు.

రంగు ఎలా వస్తుందో తెలిస్తే ఆ అందం తరగదు. చేప చర్మంలో రంగు కణాలు ప్రధానంగా మూడు తీరులు. ఒకటి నలుపునిచ్చేది. ఒకటి పసుపు, ఎరుపులనిచ్చేది. మూడోది గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాలతో వెలుతురును తిప్పికొట్టి లోహపు మెరుపునిచ్చేది. నలుపును చేప తనే తయారుచేసుకుంటుంది. ఎరుపుకు మూలమైన కెరోటినాయిడ్లను తయారుచేసుకోలేదు, తిండిలోంచి తీసుకోవాలి. అందుకే ఇక్కడ రొయ్యలు వేస్తారు, పురుగులు వేస్తారు, కప్పలు వేస్తారు. అయితే ఎన్ని రొయ్యలు తినిపించినా పచ్చ అరోవానా ఎర్ర అరోవానా కాదు. తిన్న ఎరుపును ఏ పొలుసులో, ఎంత దాచుకోవాలో తండ్రితాతల నుంచి వచ్చిన లెక్క. సూపర్ రెడ్‌కు ఆ లెక్క కపువాస్ ఎగువ నీళ్లలో రాసి ఉంది.

హాలు చివర తొట్లలో దీపాలు నీళ్ల లోపలే వేలాడుతున్నాయి. రోజుకు గంటల తరబడి వెలుగుతాయి. వెలుతురు పడితే రంగు ముదురుతుంది, ఎండలో తిరిగిన మనిషి చర్మం నల్లబడినట్టే. కొనేవాడు వచ్చే రోజుకు చేప నిప్పులు కక్కుతూ ఉండాలి కదా. ఇంటికి తెచ్చుకుని మామూలు వెలుతురులో పెడితే ఆ ముదురుతనం కొంత పలచబడుతుంది. బంగారు రకాలకు ఇంకో ఉపాయం, చుట్టూ తెల్లగా ఉన్న తొట్టిలో చిన్నప్పటి నుంచి పెంచుతారు, నలుపు వెనక్కి తగ్గి బంగారం పైకి తేలుతుంది. తొట్టిలో పెరిగిన అరోవానాలకు తరచూ ఒక కన్ను కిందికి జారుతుంది. ఎప్పుడూ కిందికి చూడడం వల్లనని కొందరంటారు, కంటి వెనక కొవ్వు వల్లనని కొందరు. సింగపూర్‌లో చేపకు మత్తిచ్చి కన్ను పైకి సర్దేవాళ్లున్నారు. దీపం దాకా నేను ఒప్పుకుంటాను. కత్తిని ఒప్పుకోలేను. చేపకు అవసరం లేని నొప్పి అది, చూసేవాడి కోసం పెట్టిన నొప్పి.

ఆఫీసు గదిలో ఏసీ చప్పుడు. జకార్తా నుంచి వచ్చిన దుకాణదారు ఒకాయన కాగితం మీద ఏదో రాస్తున్నాడు. బేరం గట్టిగా జరగదు. అంకెలు కాగితం మీద అటూ ఇటూ తిరుగుతాయి. అందరికీ అందుబాటులో ఉండేది పచ్చ రకం, దానికి ధర తక్కువ. సుమత్రా నుంచి వచ్చే ఎర్రతోక బంగారు రకం దానికి పైమెట్టు. ఆ చేపకు బంగారం కింది నుంచి నాలుగో వరస పొలుసుల దాకా ఎక్కి ఆగిపోతుంది, వీపు నల్లగానే ఉంటుంది. మలేషియాలో పెరాక్ రాష్ట్రం బుకిత్ మేరా సరస్సులో పుట్టిన క్రాస్‌బ్యాక్ రకంలో బంగారం వీపు దాటి అటువైపు దిగుతుంది. నాలుగో వరసకు పైనున్న ఆ కొద్ది పొలుసుల కోసం కొనేవాడు ఎన్నో రెట్లు ఎక్కువ ఇస్తాడు. సూపర్ రెడ్, క్రాస్‌బ్యాక్‌లు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే వందల డాలర్లు దాటతాయి. రంగు నిండిన, ఆకారం చెడని పెద్దచేప వేల డాలర్లు. పోటీల్లో గెలిచినది ఎంతకు పోతుందో గెలిచిన తర్వాతే తెలుస్తుంది.

ఫారం యజమాని తన ఫోన్ తీసి మీ ముందు పెడతాడు. తెల్లని చేప. పొలుసు, రెక్క, మీసం, అన్నీ తెలుపు. ప్లాటినం అరోవానా. కన్ను మాత్రం నల్లగా ఉంది, అంటే ఇది ఆల్బినో కాదు, ఆల్బినో అయితే కన్ను ఎర్రబడుతుంది. ఇలాంటి పిల్ల పుట్టించడం ఎవరి చేతిలోనూ లేదు. వేల పిల్లల్లో ఎప్పుడో ఒకటి వస్తే వస్తుంది. అమెరికా పాత్రికేయురాలు ఎమిలీ వోయిట్ 2016లో రాసిన 'ది డ్రాగన్ బిహైండ్ ది గ్లాస్' పుస్తకంలో ఒక ఆసియా అరోవానా 3 లక్షల డాలర్లకు పోయిందన్న మాట ప్రస్తావించింది. అప్పటి మారకం లెక్కన 2 కోట్ల రూపాయలు. జపాన్‌లో కోయి చేపలు ఆ అంకెను కూడా దాటేశాయి. 2018లో హిరోషిమాలోని సకాయి ఫిష్ ఫార్మ్ వేలంలో 'ఎస్ లెజెండ్' అనే ఎరుపు తెలుపుల ఆడ కోయి 20 కోట్ల 30 లక్షల యెన్‌లకు అమ్ముడైంది, మన లెక్కన దాదాపు 13 కోట్లు. మీటరు దాటిన చేప అది. కోయికి అందం వేరే రకం, పైనుంచి చూడవలసినది. తెల్లటి ఒంటి మీద ఎర్రమచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందన్నదే దాని ధర.

ప్లాటినం ఫొటోను చూసి నాకు మాత్రం ఆశ్చర్యం తప్ప ప్రేమ కలగదు. దాంట్లో నది లేదు. బయట మడుగులో ఎగిరిన ఆ ఎర్రగీతలో నది ఉంది.

జకార్తా ఆయన మూడు చేపలు ఎంచుకున్నాడు. పనివాడు ఒకదాన్ని సంచిలోకి మళ్లించి, దాని వీపు దగ్గర ఒక చిన్న యంత్రం ఆనించాడు. కూత వచ్చింది, తెర మీద అంకెలు పడ్డాయి. కండలో బియ్యపుగింజంత చిప్. ఆ అంకె, చేతిలోని ధ్రువపత్రం మీది అంకె కలవాలి. కలిస్తేనే ఆ చేప చట్టం దృష్టిలో ఉన్నట్టు. ఎందుకంటే ఆసియా అరోవానా 1975లోనే అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం మొదటి జాబితాలోకి ఎక్కింది. పులి, ఖడ్గమృగం ఉన్న జాబితా అది. అడవిలో పట్టినది అమ్మకూడదు. నమోదైన ఫారంలో పుట్టిన రెండో తరం నుంచి మాత్రమే దేశం దాటించవచ్చు. అమెరికాలోకి అదీ లేదు, అక్కడ ఈ చేపను తెచ్చుకోవడమే నేరం. కాపాడాలని పెట్టిన ఆ జాబితాయే చేప చుట్టూ ఒక మెరుపు అల్లింది. అంతకుముందు దీన్ని వండుకుని తిన్నారు. దొరకదని ప్రపంచానికి తెలిసిన రోజు నుంచి తైవాన్, జపాన్, హాంకాంగ్‌లలో డబ్బున్నవాళ్లు దీని కోసం వెతకడం మొదలైంది. కాగితం, చిప్, గోడ, కుక్క, కెమెరా, అన్నిటి ఖర్చూ ఇప్పుడు చేప ధరలో ఉంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న మీ మిత్రుడు "మా ఇంట్లోనూ అరోవానా ఉంది" అంటే అది చాలామటుకు వెండి అరోవానా, అమెజాన్ నదిది. వీపు మీది రెక్క, పొట్ట కింది రెక్క దాదాపు తోక దాకా పొడుగ్గా సాగి ఉంటే అదే. ఆ చేపకు ఈ గొడవలేవీ లేవు, పిల్ల ధర వందల రూపాయల్లో, వేలల్లో ఉంటుంది. ఆసియా అరోవానా పెంచుకోవాలంటే లెక్క వేరు. 2022లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, అంతర్జాతీయ జాబితాల్లోని జీవుల్ని నాలుగో షెడ్యూలులో చేర్చారు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి ప్రాణి ఇంట్లో ఉంటే పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చిప్ లేని, కాగితం లేని ఎర్రచేపను ఎవరైనా చవకగా ఇస్తానంటే ఆ చవక దేనివల్లనో ముందు అడగాలి.

ప్యాకింగ్ గదిలో చేపల పొట్టలు ఖాళీగా ఉన్నాయి, ముందు నుంచే మేత ఆపారు. లేకపోతే దారిలో నీళ్లు చెడతాయి. రెండు పొరల సంచిలో కొద్దిగా నీళ్లు, మిగతాదంతా ఆక్సిజన్. నీళ్లలో ఒక ఎండిన ఆకు వేశారు. వంగి చూస్తే అది మీకు తెలిసిన ఆకే. మన వీధుల్లో, బడుల ఆవరణల్లో ఎర్రబడి రాలే బాదం ఆకు. ఇక్కడ కెతాపాంగ్ అంటారు. అది నీటికి వగరు ఎక్కించి కొంచెం పులుపు తేలుస్తుంది, చేపను కుదుట పరుస్తుంది. థర్మకోల్ పెట్టె మీద టేపు చుట్టి సుపాదియో విమానాశ్రయానికి పంపేశారు.

ఇక్కడితో వెనుదిరిగితే సగమే చూసినట్టు. పుతుస్సిబావుకు చిన్న విమానం ఎక్కాలి, అక్కడి నుంచి రోడ్డు, ఆ తర్వాత పడవ. సెంతారుమ్ సరస్సుల్లోకి పడవ తిరిగేసరికి నీళ్లు నల్లబడతాయి, చెట్లు సగం మునిగి నిలబడి ఉంటాయి. 1999 నుంచి ఇది జాతీయ ఉద్యానం, 1,32,000 హెక్టార్లు. వానకాలంలో నది పొంగి అడవిలోకి ఎక్కుతుంది, నీరు కొన్నిచోట్ల పది మీటర్లకు పైగా లేస్తుంది. ఎండాకాలంలో సరస్సు ఇంకిపోయి నేల తేలుతుంది. పొంగిన నీళ్లలో చేపలు చెట్ల కొమ్మల మధ్య ఈదుతాయి. ఎర్రచేప ఎగిరి మేత అందుకునేది ఇక్కడే. చెట్ల కొమ్మలకు వంచిన చెక్కలు కట్టి ఉన్నాయి, అడవి తేనెటీగలు వాటికి పట్టు పెడతాయి. ఆ తేనెను ఊరివాళ్లు కోసి అమ్ముకుంటారు.

తేలే ఇల్లు ఒకదాని ముందు పడవ ఆగింది. ఇంటిపక్కన చెక్కబోను నీళ్లలో వేలాడుతోంది. లోపల తోమాన్ చేపలు, మన కొర్రమీనుకు దగ్గరి చుట్టం, దానికంటే చాలా పెద్దది. ఇంటి ముసలాయన చిన్నచేపలు ముక్కలు చేసి బోనులో వేస్తున్నాడు. బోను లోపల నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలాయి. ఎర్రచేపను ఆయన అరోవానా అనడు, సిలుక్ అంటాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ దాన్ని వండేది. ముళ్లెక్కువ, రుచి తక్కువ, ఇంకేం దొరక్కపోతే తినేవాళ్లు. 1980లలో వ్యాపారులు వచ్చాక ఎవరూ తినలేదు. పిల్లల్ని నోట్లో పెట్టుకున్న మగచేపల్ని వెతికి వెతికి పట్టారు, పిల్లల్ని అమ్మారు. కొందరు ఇళ్లు కట్టారు, పడవలకు మోటార్లు పెట్టారు. కొన్నేళ్లకు వలలో సిలుక్ పడడం మానేసింది.

ఇండోనేషియా నియమాల ప్రకారం ఫారాలు తాము పెంచిన వాటిలో కొంత భాగాన్ని తిరిగి అడవి నీళ్లలో వదలాలి. అలా వదలడం జరుగుతూనే ఉంది. ఈ వ్యాపారం మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచే పని అదే. పోంతియానాక్ తొట్లలో ఎన్ని వేల ఎర్రచేపలున్నా, అవి పుట్టిన ఈ నీళ్లలో లేకపోతే, ఆ ఎరుపు ఎక్కడిదో చెప్పడానికి ఏమీ మిగలదు. ముసలాయనను అడిగారు మీరు, వదిలిన చేపలు బతుకుతాయా అని.

ఆయన కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. "వదిలే చోటును బట్టి ఉంటుంది. నడిసరస్సులో వదిలితే తోమాన్లు తింటాయి. దీపాల కింద పెరిగిన పిల్లకు దాక్కోవడం తెలియదు కదా." లేచి నిలబడి పడమటి వైపు చూపించాడు, చెట్లు దట్టంగా వంగి నీటిని కప్పేసిన ఒక పాయ, దాని పేరూ చెప్పాడు. "వదలాలంటే అక్కడ వదలమనండి. వానలు మొదలై నీళ్లు అడవిలోకి ఎక్కేటప్పుడు. అప్పుడు కొమ్మల మీంచి పురుగులు వాటంతటవే రాలతాయి, పెద్దచేపలు అంత దట్టంలోకి రావు. మరీ చిన్నవి తేవద్దనండి, మూరెడు పొడుగు వచ్చినవి తెమ్మనండి. ఒక నెల ముందు నుంచి వాటికి మేతను చేత్తో వెయ్యడం మానేసి, పైనుంచి విసరమని చెప్పండి." తర్వాత మళ్లీ కూర్చుని, తోమాన్ల మేత ముక్కలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ పాయ పేరు రాసుకున్నారా అని మిమ్మల్ని అడిగి, రాసుకోలేదంటే ఇంకోసారి చెప్పాడు.